డిప్రెషన్‌కి మాత్రా, మాటా? తేడా తెలిసేది ఆపేశాకే

డిప్రెషన్ అని డాక్టరు చెప్పిన రోజు రాత్రికే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. "ఆ మాత్రలు ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతం మానలేవు, మత్తులో పడుంటావు, వద్దు" అనేది ఒక పార్టీ. "వెయ్యో పదిహేను వందలో తీసుకుని మనం చెప్పింది వింటారట, ఆ మాత్రం వినడానికి మేం లేమా" అనేది రెండోది. రెండూ తప్పే. కానీ రెండింట్లోనూ కాస్త నిజం ఇరుక్కుని ఉంది కాబట్టి వాదన ఎప్పటికీ తెగదు, ఈలోపు మంచం మీద పడుకున్న మనిషి అలాగే పడుకుని ఉంటాడు.

నలభై ఏళ్లకు పైగా జరిగిన పరిశోధనలన్నీ కలిపి ఒక్క ముక్కలో చెప్పమంటే, ఓ మోస్తరు డిప్రెషన్‌కి మొదటి మూడు నాలుగు నెలల్లో సరిగ్గా వాడిన మందూ, సరిగ్గా చేసిన థెరపీ, అంటే మాటలతో చేసే వైద్యం, దాదాపు సమానం. ఇది వినగానే "సమానమే అయితే ఏదో ఒకటి కానిద్దాం, ఏది చవకైతే అది" అనిపిస్తుంది. అక్కడ కాస్త ఆగాలి. సమానం అన్నది మొదటి నాలుగు నెలల మాట. వైద్యం ఆపేశాక వచ్చే ఏడాది సంగతి వేరు, మనం అడగాల్సింది దాని గురించి.

ముందు మందుల విషయం చూద్దాం. ఇవి మెదడులో రసాయనాల లెక్క చూసి, లోటు ఎక్కడుందో కనిపెట్టి తయారు చేసినవి కావు. 1950ల మొదట్లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకి ఐప్రోనియాజిడ్ అనే మందు ఇచ్చి చూస్తే, ఊపిరితిత్తుల సంగతి అటుంచి రోగులు హుషారుగా తిరగడం మొదలుపెట్టారు. స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే డాక్టరు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకి పనికొస్తుందేమోనని ఇమిప్రమిన్ వాడితే అది దానికి పనిచేయలేదు, డిప్రెషన్‌కి పనిచేసింది. ఆ సంగతి 1957లో ప్రచురించాడు. అంటే మందు ముందొచ్చింది, ఎందుకు పనిచేస్తోందన్న వివరణ తర్వాత వచ్చి చేరింది. "మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం తగ్గింది, మాత్ర దాన్ని భర్తీ చేస్తుంది" అనే మాట 1987 చివర్లో అమెరికాలో ఫ్లుఒక్సెటిన్ అనే డిప్రెషన్ మందుకి అనుమతి వచ్చిన తర్వాత ప్రపంచమంతా పాకింది, మన డాక్టర్లు కూడా రోగికి సులువుగా అర్థమవుతుందని అదే చెబుతూ వచ్చారు. 2022లో కొందరు పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూసి, డిప్రెషన్ ఉన్నవాళ్లలో సెరొటోనిన్ తక్కువగా ఉంటుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చారు. ఇంకేముంది, మందులన్నీ మోసమేనని వాట్సాప్ వీడియోలు మొదలయ్యాయి.

ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వేరు, పనిచేయకపోవడం వేరు. పారాసిటమాల్ ఎలా పనిచేస్తుందన్నదే ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, అయినా జ్వరం తగ్గుతోంది. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ 21 డిప్రెషన్ మందులని, రోగుల మీద వాటిని పరీక్షించిన 522 ట్రయల్స్‌ని, లక్షా 16 వేల మందికి పైగా రోగుల వివరాలని కలిపి చూసింది. అన్ని మందులూ లోపల మందే లేని డమ్మీ మాత్ర కన్నా మెరుగ్గానే పనిచేశాయి, కానీ సగటున తేడా పెద్దదేమీ కాదు. మొత్తం మీద చూస్తే మందు వేసుకున్నవాళ్లలో సుమారు సగం మందికి బాగా తగ్గితే, డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లలోనూ మూడోవంతు పైచిలుకు మందికి తగ్గుతుంది. ఆ డమ్మీ మాత్ర గొప్పతనం ఏంటని అడిగితే, అందులో కొంత కాలం గడిస్తే తనంతట తానే తగ్గడం, కొంత వారం వారం ఎవరో ఒకరు శ్రద్ధగా "ఎలా ఉన్నారు" అని అడగడం.

డిప్రెషన్ ఎంత తీవ్రంగా ఉందన్నది ఇక్కడ చాలా ముఖ్యం. 2010లో అమెరికా మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం తేలికపాటి డిప్రెషన్‌లో మందుకీ డమ్మీ మాత్రకీ తేడా లేనట్టే, చాలా తీవ్రమైనదాంట్లో మాత్రం తేడా గట్టిగా కనిపించింది. అందుకే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో, తీవ్రత తక్కువగా ఉన్న డిప్రెషన్‌కి రోగి తానుగా కోరుకుంటే తప్ప మొదటి వైద్యంగా మందులు రాయొద్దంది. మన దగ్గర జరిగేది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. కాస్త దిగులుగా ఉన్నవాళ్లకి మాత్రలు చేతిలో పడతాయి, తిండి మానేసి గోడ వైపు తిరిగి పడుకున్న పెద్దాయనకి మాత్రం "వయసు మీద పడింది" అని ఏమీ ఇవ్వరు.

మాత్ర మొదలుపెట్టాక ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం మంది మధ్యలో మానేయరు. మొదటి వారం వికారం, తలనొప్పి, నిద్ర చెడడం, ఒక్కోసారి ముందుకన్నా ఎక్కువ కంగారు. మేలు కనపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు. చెడు ముందొచ్చి మంచి ఆలస్యంగా వస్తుంది కాబట్టి, పది రోజుల్లో "ఇది నాకు పడలేదు" అని డబ్బా పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. లైంగిక కోరిక తగ్గడం, స్పర్శ మొద్దుబారినట్టు అనిపించడం మామూలుగా వచ్చే ఇబ్బందే, కానీ మన దగ్గర డాక్టరు అడగడు, పేషెంటు చెప్పడు, భార్యాభర్తల మధ్య అదొక కొత్త సమస్య అవుతుంది. వయసు పైబడినవాళ్లలో రక్తంలో సోడియం పడిపోవచ్చు. 25 ఏళ్ల లోపు వాళ్లలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందు పెట్టె మీదే హెచ్చరిక వేయిస్తుంది, అందుకే కాలేజీ పిల్లలకి మందు మొదలుపెట్టినప్పుడు మొదటి నెల ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇక "అలవాటు పడిపోతావు" అనే భయం. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు మత్తుమందులు కావు, రోజురోజుకీ డోసు పెంచాలనిపించదు, దొరక్కపోతే వెతుక్కుంటూ తిరగరు. కానీ ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం ఉంటాయి. అది చూసి జబ్బు తిరగబెట్టిందనో, మాత్రకి బానిసనయ్యాననో అనుకుంటారు.

మన మందుల చీటీల్లో ఇంకో తిరకాసు ఉంది. ఎస్సిటలోప్రామ్‌నీ క్లోనజెపామ్‌నీ ఒకే మాత్రలో కలిపి అమ్ముతారు. రెండోది కంగారు తగ్గించి నిద్ర పట్టించే మందు, మొదటి రెండు మూడు వారాలకైతే ఉపయోగమే, నెలల తరబడి వేసుకుంటే నిజంగానే అలవాటు పడేది అదే. ఊళ్లో "డిప్రెషన్ మాత్రలు మానలేకపోయాడు" అని చెప్పుకునే కథల్లో చాలావాటి వెనకున్నది ఈ క్లోనజెపామేనని నా అనుమానం. మీ చీటీలో ఆ పేరుంటే ఎన్ని రోజులు వేసుకోవాలో డాక్టర్ని తప్పకుండా అడగండి.

ఇప్పుడు థెరపీ. ఇంట్లోవాళ్లు అనుకుంటున్నట్టు అది వినడం మాత్రమే కాదు, సలహాలు ఇవ్వడం అంతకన్నా కాదు. ధైర్యంగా ఉండు, గుడికి వెళ్లు, నీకేం తక్కువ అని చెప్పడానికి ఎవరికీ ఫీజు ఇవ్వక్కర్లేదు, అది ఉచితంగా కావలసినంత దొరుకుతుంది. 1960ల్లో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు, డిప్రెషన్ ఉన్నవాళ్ల మనసులో కొన్ని ఆలోచనలు తమంతట తామే గిర్రున తిరుగుతుంటాయని గమనించాడు. వాటిని పట్టుకుని, కాగితం మీద పెట్టి, నిజమో కాదో రోగి చేతనే పరీక్ష చేయించడం మొదలుపెట్టాడు. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారే, అది అక్కడి నుంచి పెరిగిందే. ఉదాహరణకి ఒకమ్మాయి, "ఫోన్ చేస్తే నన్ను భారంగా అనుకుంటారు" అని స్నేహితులకి ఫోన్ చేయడం మానేసిందనుకుందాం. థెరపిస్టు "అలా అనుకోకు" అనరు. ఈ వారం ముగ్గురికి ఫోన్ చేసి, ఒక్కొక్కరు ఎలా మాట్లాడతారో ముందే ఊహించి రాసుకుని, తర్వాత జరిగింది పక్కన రాయమంటారు. వచ్చే వారం ఇద్దరూ కూర్చుని ఆ కాగితం చూస్తారు. ఇంత మామూలుగా ఉంటుంది, సినిమాల్లో చూపించినట్టు ఏడుపులూ చిన్ననాటి రహస్యాలూ ప్రతి సెషన్‌లో ఉండవు. ఇంకా సరళమైనది బిహేవియరల్ యాక్టివేషన్. దాంట్లో ఆలోచనల జోలికి పెద్దగా వెళ్లరు, మానేసిన పనులని చిన్న ముక్కలుగా చేసి, మూడ్ బాగున్నా లేకపోయినా టైముకి చేయిస్తారు. ఓపిక వచ్చాక లేద్దామని ఎదురుచూస్తే ఓపిక రాదు, లేచి నాలుగడుగులు వేస్తే కాస్త వస్తుంది, అన్నదే దాని లెక్క.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాల్లో నాకు అన్నిటికన్నా ఉపయోగంగా కనిపించేది 2005లో అమెరికాలో రెండు యూనివర్సిటీలు, పెన్సిల్వేనియా, వాండర్‌బిల్ట్, కలిసి చేసింది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 240 మందిని తీసుకుని కొందరికి బెక్ పద్ధతి థెరపీ, కొందరికి పారోక్సెటిన్ అనే మందు (అవసరమైతే ఇంకొకటి కలిపి), కొందరికి మొదట్లో డమ్మీ మాత్ర ఇచ్చారు. 16 వారాలకి మందు వాళ్లలో 58 శాతం, థెరపీ వాళ్లలోనూ 58 శాతం మంది బాగా తేరుకున్నారు. అంకె కూడా ఒకటే. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు.

తేరుకున్నవాళ్లని పరిశోధకులు ఇంకో ఏడాది గమనించారు. థెరపీ వాళ్లకి థెరపీ ఆపేశారు, మధ్యలో మహా అయితే మూడు సెషన్లు. మందు వాళ్లలో సగం మందికి మందు కొనసాగించారు, మిగతా సగానికి చెప్పకుండా డమ్మీ మాత్రకి మార్చారు. ఏడాదిలో డిప్రెషన్ తిరగబెట్టినవాళ్లు ఎంతమందంటే, మందు ఆపినవాళ్లలో 76 శాతం, మందు కొనసాగించినవాళ్లలో 47 శాతం, థెరపీ అయిపోయినవాళ్లలో 31 శాతం. మందు వేసుకుంటున్నంత కాలం కాపాడుతుంది, థెరపీలో నేర్చుకున్నది ఆపేశాక కూడా కొంత మిగులుతుంది. కొంత అనే అంటున్నాను, 31 శాతం అంటే ముగ్గురిలో ఒకరు దాదాపు, అది తక్కువేం కాదు. అయినా 16 వారాలు కష్టపడి కూర్చున్నందుకు దక్కే లాభం ఏంటో ఈ అంకెల్లో ఉంది.

అదే అధ్యయనంలో పెద్దగా ఎవరూ చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. 58, 58 అన్నది రెండు చోట్లా కలిపిన లెక్క. వాండర్‌బిల్ట్‌లో మందే థెరపీ కన్నా మెరుగ్గా పనిచేసింది. అక్కడి థెరపిస్టులకి అనుభవం తక్కువ కావడమే కారణం కావచ్చని పరిశోధకులే రాశారు. మాత్ర ఎక్కడైనా అదే మాత్ర, హైదరాబాదులో కొన్నా అమలాపురంలో కొన్నా దాంట్లో మందు అంతే ఉంటుంది. థెరపీ అలా కాదు, చేసే మనిషిని బట్టి మారిపోతుంది. "థెరపీ మందుతో సమానం" అని అమెరికా అధ్యయనం చూపించి చెప్పేవాళ్లు ఈ షరతు కూడా చెప్పాలి.

మరి రెండూ కలిపితే? ఏళ్ల తరబడి వదలని డిప్రెషన్ ఉన్న 681 మందితో చేసిన ఒక అధ్యయనం 2000లో వచ్చింది. మందు మాత్రమే తీసుకున్నవాళ్లలో 48 శాతం, థెరపీ మాత్రమే తీసుకున్నవాళ్లలో 48 శాతం, రెండూ తీసుకున్నవాళ్లలో 73 శాతం మందికి ఫలితం కనిపించింది. (అందులో వాడిన నెఫజోడోన్ అనే మందుని తర్వాత కాలేయం దెబ్బతింటోందని చాలా దేశాల్లో మార్కెట్ నుంచి తీసేశారు, అది వేరే సంగతి.) ఆ తర్వాత వచ్చిన విశ్లేషణలు కూడా తీవ్రంగా, దీర్ఘంగా ఉన్నప్పుడు రెండూ కలపడమే మేలని చెబుతున్నాయి. ఆలోచిస్తే ఇది మామూలు సంగతే. మంచం మీంచి లేవలేని, రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోలేని మనిషిని కాగితం మీద ఆలోచనలు రాయమంటే ఎలా రాస్తాడు? మందుతో కాస్త నిద్ర, కాస్త ఏకాగ్రత వచ్చాక థెరపీ ఎక్కుతుంది.

కొన్ని చోట్ల ఈ పోలికకే తావు లేదు. ఎవరో తిడుతున్నట్టు వినిపించడం, "నేను పాపం చేశాను, అందరూ నాశనమైపోతారు" అని గట్టిగా నమ్మడం, తిండి నీళ్లు మానేయడం, చావడానికి ప్రయత్నించడం లాంటివి ఉంటే థెరపిస్టుని వెతుక్కుంటూ కూర్చోకూడదు, సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి, అవసరమైతే అడ్మిట్ చేయాలి, ఈసీటీ, అంటే కరెంటు వైద్యం, ఇవ్వాల్సి రావచ్చు, అది సినిమాల్లో చూపించే చిత్రహింస కాదు, మత్తిచ్చి చేస్తారు, బాగా పనిచేస్తుంది. ఇంతకు ముందెప్పుడైనా వారం పది రోజులు నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో, అప్పులు చేసి ఖర్చు పెట్టి, గొప్పలు మాట్లాడిన చరిత్ర ఉంటే అది బైపోలార్ కావచ్చు. దాంట్లో డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఆ హుషారు మళ్లీ ఎగదన్నే ప్రమాదం ఉంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకి దాచొద్దు. అలాగే థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు మొదటే చేయించుకోవాలి. థైరాయిడ్ తక్కువై నీరసంగా ఉన్నవాళ్లకి ఏడాది పాటు కౌన్సెలింగ్ చేసినా లాభం ఉండదు.

పుస్తకంలో పోలిక ఇలా ఉంటుంది కానీ మన ఊళ్లలో ఎంపిక దీన్ని బట్టి జరగదు, దగ్గర్లో ఎవరున్నారన్నదాన్ని బట్టి జరుగుతుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి ఏ వైద్యమూ అందడం లేదు. మన దగ్గర డిప్రెషన్ చాలాసార్లు దిగులు రూపంలో రాదు. నీరసం, ఒళ్లు నొప్పులు, గుండె దడ, గ్యాస్, నిద్ర లేమి, ఇలా వస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైన్, ఒక బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్, టౌన్లో ఈసీజీ, స్కానింగు, ఎండోస్కోపీ, అన్నీ నార్మల్. అంత ఖర్చయ్యాక ఎవరో ఒక డాక్టరు ఒక మాత్ర రాసిస్తారు, దేనికో చెప్పరు. సెషన్‌కి వెయ్యి ఎక్కువని అనేవాళ్లు ఈ స్కానింగుల బిల్లు ఒకసారి కూడి చూసుకోవాలి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల పేర్లు మనం తిట్లుగా వాడేసుకున్నాం కాబట్టి అక్కడ ఓపీలో చూపించుకోవచ్చన్న ఆలోచనే రాదు, బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుందన్నది కూడా చాలామందికి తెలియదు.

థెరపీ అంటే నగరాల్లో, ఇంగ్లీషులో, డబ్బున్నవాళ్లకే అనుకుంటాం. గోవాలో సంగత్ అనే సంస్థ, విక్రమ్ పటేల్ బృందం చేసిన ట్రయల్ ఆ అనుమానానికి జవాబు. మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులకి శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, స్థానిక భాషల్లో, ఆరు నుంచి ఎనిమిది సెషన్ల బిహేవియరల్ యాక్టివేషన్ చేయించారు. 495 మంది, ఓ మోస్తరు కన్నా ఎక్కువ డిప్రెషన్ ఉన్నవాళ్లే. మూడు నెలలకి వాళ్లలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, అక్కడి డాక్టరు మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 శాతం. ఇది మందుతో ముఖాముఖి పోటీ కాదు, దీన్ని చూపించి మాత్రలు అనవసరమనడం తప్పు. కానీ ఇదే పని ఒక ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో నేర్పితే రంపచోడవరంలోనూ ఆదిలాబాద్‌లోనూ జరగకూడని కారణం నాకైతే కనిపించడం లేదు.

అంతవరకూ ఉన్నదాంట్లోనే వెతుక్కోవాలి. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు కాబట్టి, క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఏ పద్ధతిలో చేస్తారు, సుమారు ఎన్ని సెషన్లు, ఇంటికి పని ఇస్తారా అని కూడా అడగండి. మూడు సెషన్లయినా మీ జాతకం గురించో వాళ్ల గొప్పల గురించో తప్ప పని మొదలవ్వకపోతే మార్చేయండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, చావాలనిపిస్తున్నప్పుడైతే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ నంబరుకి చేయండి. ఇన్సూరెన్స్ విషయానికొస్తే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ఒంటి జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలంది, కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే కడతాయి, థెరపీ సెషన్ల ఖర్చు మన జేబులోంచే.

ఇంత చదివాక "మరి నేనేం చేయాలి" అంటే, నా అభిప్రాయం ఇది. తేలికపాటిది, మొదటిసారి వచ్చింది, ఉద్యోగం ఇల్లు ఎలాగో నెట్టుకొస్తున్నారు అనుకుంటే థెరపీతో మొదలుపెట్టండి, దొరక్కపోతే నడక, నిద్ర టైము, మానేసిన పనులని మళ్లీ పట్టుకోవడంతో మొదలుపెట్టి నెలలో మళ్లీ చూపించుకోండి. పనికి వెళ్లలేకపోతున్నారు, బరువు తగ్గిపోతోంది, రెండో మూడో సారి వచ్చింది అంటే మందు వాయిదా వేయొద్దు, థెరపీ దొరికితే పక్కనే పెట్టుకోండి. థెరపీ అస్సలు దొరకని ఊళ్లో ఉంటే మందు ఒక్కటే అయినా ఏమీ లేకపోవడం కన్నా చాలా నయం, దాంట్లో సిగ్గుపడాల్సింది లేదు.

మందు మొదలుపెట్టే రోజే డాక్టర్ని ఎప్పుడు ఆపుతాం, ఎలా ఆపుతాం అని అడగాలి, మనం అడిగేది మాత్రం పత్యం ఏంటని. మొదటిసారి వచ్చినవాళ్లకి బాగయ్యాక కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకి రెండేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ వాడమంటారు. చాలా ఏళ్లుగా మందు వాడుతూ బాగున్న 478 మందితో బ్రిటన్‌లో చేసిన ఒక ట్రయల్ 2021లో వచ్చింది. మందు క్రమంగా తగ్గించి ఆపినవాళ్లలో 56 శాతం మందికి ఏడాదిలో తిరగబెట్టింది, కొనసాగించినవాళ్లలో 39 శాతం మందికి. తిప్పి చూస్తే ఆపినవాళ్లలో 44 శాతం మందికి ఆ ఏడాది తిరగబెట్టలేదు. అదే ఏడాది వచ్చిన మరో విశ్లేషణలో, మందు తగ్గించే సమయంలో ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ధ్యానం కలిసిన) థెరపీ లాంటిది చేసినవాళ్లకి, మందు కొనసాగించినవాళ్లతో పోలిస్తే జబ్బు ఎక్కువగా తిరగబెట్టలేదు. అది నాలుగు ట్రయల్స్ ఆధారంగా చెప్పిన మాటే, అయినా థెరపీకి డబ్బు కొంచెమే ఉన్నవాళ్లకి పనికొచ్చే ఆధారం. మొదట్లో మందుతో లేచి నిలబడి, ఉన్న ఆ కొద్ది సెషన్లని మందు తగ్గించే నెలల కోసం దాచుకోవచ్చు. ఆ నెలలు పరీక్షలతోనో, కాన్పుతోనో, ఉద్యోగం మారడంతోనో కలవకుండా చూసుకుని, డోసు ఎన్ని వారాలకి ఎంత తగ్గించాలో డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి.